జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధి చెందిన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త, విద్యాదాత. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. మోటారు వాహనాల మరమ్మత్తును, మార్పుచేర్పులను ఏ పాఠశాలలోనూ నేర్వకుండా స్వయంకృషితో అభ్యసించి, తక్కువ ఖర్చుతో యంత్రాలు తయారు చేయడమే జీవితాశయంగా పెట్టుకున్నాడు. ఇతడిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ ప్రాంతానికి తరలి వచ్చిన తెలుగువారు నల్లరేగడి నేలల్లో పత్తి సాగు చేస్తూ, ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ జీవించేవారు. బాలుడైన దొరైస్వామికి చదువుపై ఆసక్తి ఉండేది కాదు. ప్రాథమిక విద్యతోనే బడి మానేసి, తండ్రి పొలంలో పనికి కుదురుకున్నాడు. అయితే చదవడం మానలేదు. తరువాతి కాలంలో ఇతడు సంపాదించిన శాస్త్ర పరిజ్ఞానమంతా సొంతంగా పుస్తకాలు చదివి, యంత్రాలను విప్పి చూసి నేర్చుకున్నదే.

మోటారు సైకిలు

ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి ఆ గ్రామానికి రడ్జ్ కంపెనీ మోటారు సైకిలుపై వచ్చాడు. ఎద్దుల బళ్ళు తప్ప మరొక వాహనం ఎరుగని ఊరిలో, లాగే పశువు లేకుండా నడిచే ఆ బండి యువకుడైన నాయుడిని ముగ్ధుడిని చేసింది. దానిని కొనాలని నిశ్చయించుకుని కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరాడు. కూడబెట్టిన సొమ్ములో 300 రూపాయలు వెచ్చించి ఆ బండినే కొన్నాడని ఇతని జీవిత చరిత్రకారులు చెబుతారు.

కొన్న తరువాత చేసిన పని మరింత గమనించదగినది. బండిపై తిరగడం కంటే దానిని విప్పి చూడటంపైనే ఇతనికి ఆసక్తి ఎక్కువ. భాగాలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటి ఏ పని చేస్తుందో తెలుసుకుని, తిరిగి బిగించాడు. పెట్రోలు ఇంజనులో సిలిండరు, పిస్టను, కార్బురేటరు, పొగగొట్టం ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒకదానిని మారిస్తే దాని ప్రభావం మిగిలిన వాటిపై పడుతుంది. ఇంజనీరింగు కళాశాలలో బోధించవలసిన ఈ విషయాన్ని నాయుడు చేతులకు నూనె మరకలు చేసుకుని గ్రహించాడు. ఆ రోజుల్లో వాహనాలూ, వాటి విడిభాగాలూ విదేశాల నుండి ఓడలలో రావలసి ఉండేది. భాగం విరిగితే నెలల తరబడి ఎదురుచూడాలి, లేదా చేతిలో ఉన్నదానితో సరిపెట్టాలి. ఇతడు రెండవ మార్గాన్ని ఎన్నుకున్నాడు.

రవాణా వ్యాపారం

తరువాత పత్తి వ్యాపారంలో ప్రవేశించి బాగా లాభం గడించాడు. బొంబాయి పత్తి మార్కెట్టులో ఆ సొమ్మంతా పోగొట్టుకున్నాడు. తిరిగి మోటారు వాహనాల వైపే మళ్ళాడు. కోయంబత్తూరులో ప్రముఖ వ్యాపారి అయిన రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో, అప్పు చేసి ఒక బస్సును సంపాదించాడు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య ఆ బస్సును స్వయంగా నడిపాడు. ఆ ఒక్క బస్సు నుండి పెరిగిన యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) కొద్ది సంవత్సరాలలోనే దేశంలోని సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరు పొందింది.

విద్యుత్ మోటారు, ఇతర ఆవిష్కరణలు

1930వ దశకంలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరు ప్రాంతానికి చేరడంతో మిల్లులకు, సేద్యపు బావులకు విద్యుత్ మోటార్ల అవసరం ఏర్పడింది. 1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి, భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారును పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ కర్మాగారంలో రూపొందించాడు. కోయంబత్తూరు నేటికీ మోటార్లకు, పంపులకు ప్రసిద్ధి. బాలసుందరం నాయుడు అనంతరం టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

పొడి బ్యాటరీలతో నడిచే రసాంత్ క్షౌర యంత్రం, అతి పలుచని బ్లేడ్లు, కిరోసిన్ పంకా, పండ్ల రసం తీసే యంత్రం, మోసానికి తావు లేని ఓటు నమోదు యంత్రం నాయుడి ఇతర ఆవిష్కరణలు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని 1941లో ప్రకటించాడు. పత్తి, బొప్పాయి, మొక్కజొన్నలపై కూడా ప్రయోగాలు చేశాడు. ఇతని తోటను సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సందర్శించారు.

రెండు వేల రూపాయల కారు

ఇతని జీవితంలో అత్యంత విచారకరమైన ఘట్టం ఇదే. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును నాయుడు రూపొందించాడు. దాని వెల సుమారు 2,000 రూపాయలు. కారు అంటే జమీందారులకు, పెద్ద అధికారులకు మాత్రమే అన్న భావన ఉన్న కాలమది. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో ఆమోదం పొంది 1952లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ లైసెన్సు లేనిదే కార్ల తయారీ సాధ్యం కాదు. నాయుడికి ఆ లైసెన్సు లభించలేదు, ఉత్పత్తి నిలిచిపోయింది. పరిమిత వనరులను క్రమపద్ధతిలో వినియోగించాలన్నది నాటి ప్రభుత్వ విధానం. దానికి కారణాలు లేకపోలేదు. కానీ తక్కువ ధరకు తయారు చేయగలవాడికే అవకాశం దక్కకపోవడం ఆ విధానంలోని లోపమే. సామాన్య మధ్యతరగతిని దృష్టిలో ఉంచుకున్న మారుతి 800 కారు 1983 డిసెంబరులో గాని రాలేదు.

ప్రభుత్వ పన్నుల విధానానికి నిరసనగా తాను తయారు చేసిన వస్తువులను నాయుడు బహిరంగంగా ధ్వంసం చేయించాడు. ఎడిసన్‌తో పోలిక గౌరవప్రదమే అయినా, ఇక్కడే ఆ పోలిక చెల్లదు. ఎడిసన్‌కు పెట్టుబడిదారుల అండ ఉండేది. నాయుడు తన బస్సుల మీద వచ్చిన ఆదాయంతో ప్రయోగాలు చేశాడు.

విద్యారంగం

1944లో వ్యాపారం నుండి చాలావరకు తప్పుకున్నాడు. 1945లో ఇతని విరాళంతో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. నాయుడు దాని ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువు కాలయాపన అని, చేతిపనికి ప్రాధాన్యమిస్తే రెండేళ్ళు చాలునని వాదించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. ప్రాథమిక విద్యతో ఆగిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడం అరుదైన విషయం.

స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఇతని ఆవిష్కరణలు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. అక్కడే కుటుంబ సభ్యుల ఆధ్వర్యంలో 2015లో జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమైంది. ఇతని జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన డాక్యుమెంటరీకి జాతీయ చలనచిత్ర పురస్కారం లభించింది. అదే రోడ్డుపై నిర్మించిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టి 2025 అక్టోబరు 9న ప్రారంభించింది.