దోర్నకల్ విడువని మనిషి

సింగరేణి అనగానే మనకు బొగ్గు గుర్తుకొస్తుంది. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టకపోతే మా రామకృష్ణాపూర్ కాలరీ లేదు, బాయి పని లేదు, ఆ జీతాలతో ఇక్కడిదాకా చదువుకోవచ్చిన మాబోటి పిల్లలూ లేరు. ఆ బొగ్గును బయటికి తేవడానికి ఇల్లందు నుంచి వేసిన రైలు దారి వచ్చి పెద్ద లైనులో కలిసిన చోటు దోర్నకల్ జంక్షన్. మా వైపు వాళ్ళకు అది కాజీపేట దాటి విజయవాడ పోయే దారిలో తగిలే ఒక స్టేషను, అంతే. క్రైస్తవ లోకానికి మాత్రం దోర్నకల్ అంటే బిషప్ అజరయ్య.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై గ్రామంలో ఒక పల్లెటూరి గురువుగారి ఇంట జన్మించారు. చాలా ఏళ్ళు సంతానం లేక ప్రార్థించిన తల్లి, బైబిల్లోని హన్నాలాగే, కొడుక్కి శామ్యూల్ అని పేరు పెట్టుకుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. (పరీక్ష తప్పిన మిత్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు!) 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి ఊరూరా తిరిగారు. విదేశీ డబ్బు లేకుండా మన మనుషులతో, మన చందాలతో సువార్త పని సాగాలని 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘం, 1905 క్రిస్మస్ రోజున సెరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం స్థాపించిన వారిలో ఆయన ముఖ్యులు.

తిరునెల్వేలి సంఘం పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం. పొండి, పొండి అని యువకులకు చెప్పి చెప్పి, నేనెందుకు పోకూడదన్న ప్రశ్న ఆయన్నే పట్టుకుంది. 1909లో దేశమంతా పేరున్న ఉద్యోగం వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తోనూ పిల్లలతోనూ దోర్నకల్ చేరారు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్ల మిషనరీలు భారతీయుల కోసం ఆస్తులిస్తున్నారు, ప్రాణాలిస్తున్నారు, కాని పక్కన కూర్చోబెట్టుకునే స్నేహం మాత్రం ఇవ్వడం లేదని వాళ్ళ ముఖం మీదనే చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. రెండేళ్ళ తర్వాత మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఈయనను బిషప్ చేయాలన్నప్పుడు చాలామంది మిషనరీలు అడ్డం తిరిగారు. సొంత తిరునెల్వేలి క్రైస్తవుల్లోనూ కొందరు వద్దన్నారు. ఆయన నాడార్ కులంలో పుట్టినవాడు గదా! చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

పదవి వచ్చినా పని మారలేదు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. మురికి, రోగం, అప్పు, తాగుడు - ఈ నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలని బోధించేవారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ నెత్తిన చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చే పౌలు మాటతో ప్రమాణం చేయాలి. వండేముందు గుప్పెడు బియ్యం తీసి దేవునికి పెట్టమన్నారు. తిండికే లేనివాళ్ళను ఇవ్వమనడమేమిటి అని మొదట నాకూ అనిపించింది. ఆలోచిస్తే, ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగానే బతికిన మనిషికి ఇచ్చే చెయ్యి ఎంత గౌరవమో తెలుస్తుంది. 1941 నాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

అందరికంటె బరువైన ఎదిరింపు 1930ల్లో గాంధీగారి నుంచి వచ్చింది. హరిజనులు మతాల తారతమ్యం తెలిసి మారడం లేదని, ఈ సామూహిక మతమార్పిడులు తగవని గాంధీగారి వాదం. దేశమంతా మహాత్మునిగా కొలిచే వ్యక్తికి ఎదురు చెప్పడం ఆ రోజుల్లో సామాన్యమా? పేదవానికి తన దేవుణ్ణి తాను ఎంచుకునే తెలివి, హక్కు రెండూ ఉన్నాయని అజరయ్య నిలబడ్డారు. అట్లని ఆయన దేశానికి దూరమైనవాడూ కాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సంఘం ఓట్ల గుంపుగా మారిపోతుందని ఆయన భయం.

ఈ ప్రశ్న తీరిపోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. దళిత క్రైస్తవుడు మన రాష్ట్రంలో బి.సి. 'సి' కిందికి వస్తాడు. అందుకని చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకొక పేరు పెట్టుకుని తిరిగే విద్యార్థులు మన హాస్టళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ఆకలి, ఫీజు, ఉద్యోగం - ఈ మూడూ చిన్న మాటలు కావు. కాని రెండు పేర్ల బతుకులో లోపల ఏదో అరుగుతూ ఉంటుందని వాళ్ళే నాతో అన్నారు. విశ్వాసంలో నిలకడ అంటే సింహాల గుహ, అగ్నిగుండం అనుకుంటాం. ఈ రోజుల్లో అది ఒక అప్లికేషన్ ఫారంలోని గడి దగ్గర కూడా పరీక్షకు వస్తుంది.

దోర్నకల్ కథీడ్రల్‌ను ఆయన గోథిక్ గోపురాలతో కట్టించలేదు. గుడి స్తంభాలు, మసీదు మినార్లు, గుమ్మటాలు కలిపి ఈ నేల మీద మొలిచినట్టు కట్టించారు. అది ముగిసి 1939 జనవరిలో ప్రతిష్ఠ జరిగేసరికి ఏళ్ళకేళ్ళు పట్టింది. ఇంకొక కట్టడం మాత్రం ఆయన కళ్ళ ముందు పూర్తికాలేదు. శాఖలుగా చీలిన సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నానికి ఆయన ముందు నిలిచారు. పాతికేళ్ళు చర్చలు, వాయిదాలు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.