మాటకు మాట కాదు, పలుకుబడికి పలుకుబడి: సి.పి. బ్రౌన్ నేర్పిన పాఠం

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడి పుస్తకాల్లో ఇంగ్లిషు వింటూ పెరుగుతున్నారు. వారిని తడబెట్టేవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలే. ఇంగ్లిషులో ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘పుట్ ఔట్’ అంటే ఆర్పడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. ‘పుట్’ అంటే పెట్టడమని కంఠస్థం చేసిన పిల్లవాడికి ఈ మూడింటిలో ఒక్కటీ అందదు. ఈ చిక్కును 170 ఏళ్ల కిందటే గుర్తించి, ప్రత్యేకంగా పుస్తకం రాసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను ఈసారి తలచుకుందాం.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్లింది. హెయిలీబరీలో చదువుకున్న బ్రౌన్ 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చారు. అప్పటికి ఆయనకు తెలుగు అక్షరం రాదు. సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద ఓనమాలు మొదలుపెట్టారు.

ఇక్కడే మన ధర్మపురికి ఈ కథతో చుట్టరికం కలుస్తుంది. 1792లో బారామహల్ టిప్పు సుల్తాన్ నుంచి కంపెనీకి దక్కింది. కెప్టెన్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో, ధర్మపురిలో ఉంటూ 1799 వరకు ఈ రైతుల మధ్య తిరిగారు. ఆ మన్రోయే 1820లో మద్రాసు గవర్నరయ్యారు. జనం భాష రాని అధికారి జనానికి న్యాయం చేయలేడని ఆ ఏడాది కళాశాల విద్యార్థులకు హితవు చెప్పారు. ఆ మాటలు బ్రౌన్ మనసులో నాటుకున్నాయి.

ఆ ఏడాదే బ్రౌన్ కడపలో ఉద్యోగంలో చేరారు. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి మళ్లీ కడప చేరారు. అక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలను సేకరించి, పాఠాలు సరిచూయించారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లిషు అనువాదంతో అచ్చువేయించారు. అప్పులైనా పని ఆపలేదు.

1852లో ఆయన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వెలువడింది. కావ్యాల మాటలతోపాటు జనం నోటి మాటలకూ అందులో చోటిచ్చారు. అదే సంవత్సరం వచ్చిన మరో చిన్న పుస్తకం ‘వాక్యావళి’. ఇంగ్లిషు, తెలుగు పలుకుబడులను పక్కపక్కన పెట్టి అభ్యాసం చేయించే పుస్తకమది. పదానికి అర్థం నిఘంటువు చెబుతుంది, వాడుక మాత్రం వాక్యంలోనే పట్టుబడుతుంది.

ఈ పాఠం ధర్మపురి బడికి ఎంత అవసరమో ఒక్క ‘చెయ్యి’ చాలు చూపడానికి. తెలుగులో చెయ్యి చేసుకోవడం అంటే కొట్టడం, చెయ్యి ఇవ్వడం అంటే నమ్మించి ముంచడం. తమిళంలో ‘కై కొడు’ అంటే ఆదుకోవడం. మాటకు మాట పెట్టి తర్జుమా చేస్తే ఆదుకున్నవాడు కాస్తా మోసగాడవుతాడు! మన ‘చెయ్యిచ్చాడు’కు దగ్గరి తమిళ పలుకుబడి ‘కైవిట్టాన్’, ఇంగ్లిషులో ‘లెట్ డౌన్’.

1855లో బ్రౌన్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు చదివితే పిల్లలకు బరువేమోనని కొందరు తల్లిదండ్రులు సందేహిస్తున్నారు. మేము అలా అనుకోవడం లేదు. ఇంటి భాషలో పలుకుబడి తెలిసిన బిడ్డ మరో భాషలో దాని జోడీని వెతుక్కోగలడు. తెలియని బిడ్డకు వెతకాలనే తోచదు. ఉపాధ్యాయులకు మా విన్నపం ఒకటే: వారానికి ఒక మాట ఇవ్వండి. అవ్వనో తాతనో అడిగి దాని పలుకుబడులు రాసుకురమ్మనండి. పక్కన తమిళం, ఇంగ్లిషు జోడీలు పిల్లలచేతే రాయించండి. ఏడాది తిరిగేసరికి మీ తరగతికి సొంత వాక్యావళి తయారవుతుంది.