హైకోర్టు మెట్లెక్కేందుకు సీమకు వెళ్లాడు.. చివరికి నల్లకోటే వదిలేశాడు! టంగుటూరి ప్రకాశం లాయర్ కథ ఇదీ

2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ఏర్పడటంతో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి కూడా జిల్లా కోర్టులు వచ్చాయి. ఇక్కడ వాదించే అడ్వకేట్ రేపు హైకోర్టులోనూ వాదించొచ్చు. బార్ కౌన్సిల్‌లో పేరు ఎన్‌రోల్ అయి, బార్ ఎగ్జామ్ పాసైతే చాలు. 1961 అడ్వకేట్స్ యాక్ట్ లాయర్లందర్నీ ఒకే వర్గం చేసింది.

కానీ ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. లాయర్లలోనూ గ్రేడ్లు ఉండేవి. ఆ అడ్డుగోడను దాటేందుకు సముద్రం దాటిన మనిషి టంగుటూరి ప్రకాశం పంతులు.

1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో భోజనశాల నడిపి పిల్లల్ని సాకారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు చేయూతతో చదువుకున్న ప్రకాశం, సెకండ్ గ్రేడ్ ప్లీడర్ పరీక్ష పాసై రాజమండ్రిలో ప్రాక్టీస్ పెట్టారు. పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు.

అయితే ఒక్కటే లోటు. సెకండ్ గ్రేడ్ ప్లీడర్‌కు హైకోర్టులో వాదించే అర్హత లేదు. కింది కోర్టులో కేసు గెలిపించినా, అప్పీలుకు వెళ్తే ఫైలు ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. కేసు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఆయన ప్రతిభ చూసిన ఒక బారిస్టర్, సీమకు వెళ్లి చదవమని సలహా ఇచ్చారు. అంతే.. నడుస్తున్న ప్రాక్టీస్ వదిలేసి 1904లో ఇంగ్లండ్ వెళ్లారు.

1907లో బారిస్టర్‌గా తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో అడుగుపెట్టారు. 1911 నాటి కలెక్టర్ యాష్ హత్య కేసులో ఒక నిందితుడి తరఫున నిలబడ్డారు. తెల్ల కలెక్టర్ హత్య కేసులో నిందితుడి పక్కన నిలబడటం అప్పట్లో చిన్న విషయం కాదు.

అసలు మలుపు 1921లో వచ్చింది. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపుతో, అంత కష్టపడి సంపాదించిన ప్రాక్టీస్‌ను ఒక్కసారిగా వదిలేశారు. సంపాదన 'స్వరాజ్య' పత్రికకు, ఉద్యమానికి కరిగిపోయింది. 1928లో సైమన్ కమిషన్‌కు ఎదురు తిరిగి మద్రాసులో పోలీసు తుపాకీకి గుండె చూపించి ఆంధ్రకేసరి అయ్యారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. 1957 మే 20న హైదరాబాద్‌లో కన్నుమూసే నాటికి చేతిలో ఆస్తి మిగల్లేదు.

లాయర్ సనదు అంటే బతుకుదెరువు మాత్రమే కాదు, ఇంకొకరి తరఫున నిలబడే హక్కు. ప్రకాశం ఆ హక్కు కోసం మూడేళ్లు సీమలో గడిపారు. కోర్టు వదిలాక కూడా జనం తరఫున నిలబడటం మాత్రం ఆపలేదు.