బంతి వదలని డాక్టరు

సాయంత్రమైతే చాలు, సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో ఖాళీ జాగా కనిపించిన చోటల్లా పిల్లలు బంతి వెంట పరుగులు తీస్తారు. పరీక్షలు దగ్గరపడగానే పెద్దలు ఆట మాన్పించి పుస్తకం ముందు కూర్చోబెడతారు. చదువు, ఆట ఒక ఒరలో ఇమడని కత్తులనే అనుకుంటారు. వైద్య విద్య చదువుతూనే దేశం జట్టుకు నాయకత్వం వహించిన డాక్టర్ తాలిమెరెన్ ఆవో జీవితం మాత్రం వేరే సంగతి చెబుతుంది.

ఆవో 1918 జనవరి 28న నాగా కొండల్లోని చాంగ్‌కీ గ్రామంలో పుట్టారు. తండ్రి క్రైస్తవ బోధకుడు. ఇంటినిండా పిల్లలు. కొనుక్కునే బంతి ఎక్కడిది? పాత గుడ్డలు చుట్టి బంతి చేసుకుని, ఉత్త కాళ్లతో ఆట నేర్చుకున్నారు. 1935లో తండ్రి టైఫాయిడ్‌తో కన్నుమూశారు. కొడుకు డాక్టరు కావాలని, తన జనానికే వైద్యం చేయాలని ఆ తండ్రి కోరిక. ఆ మాట కుర్రవాడి మనసులో నాటుకుపోయింది.

గౌహతిలోని కాటన్ కాలేజీలో చదువుతుండగానే ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నారు. 1942లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో చేరారు. అదే తర్వాత ఆర్.జి.కర్ కళాశాల అయింది. మరుసటి ఏడాదే ప్రఖ్యాత మోహన్ బగాన్ జట్టు ఆయనను తీసుకుంది. ఒకపక్క ఎముకలు, నరాల పాఠాలు, ఆసుపత్రి వార్డులు. మరోపక్క కిక్కిరిసిన మైదానాలు. అవి యుద్ధం, బెంగాల్ కరువు, మత కల్లోలాలు కలకత్తాను కుదిపేసిన రోజులు. వాటన్నిటి మధ్య ఆయన రెండూ సాగించారు. కొన్నాళ్లకే జట్టు కెప్టెన్ కూడా అయ్యారు. ఈ మోహన్ బగాన్‌నే 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఓడించిందన్న ముచ్చట ఇక్కడి పాతతరం ఆటగాళ్లకు ఎరుకే.

1948లో లండన్ ఒలింపిక్స్ జరిగాయి. స్వతంత్ర భారత్ పాల్గొన్న తొలి ఒలింపిక్స్ అవే. ప్రారంభోత్సవంలో మువ్వన్నెల జెండా పట్టుకుని మన బృందానికి ముందు నడిచింది ఆవోయే. అప్పటికింకా ఆయన డాక్టరు కాలేదు. ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ కూడా ఆయనే. జూలై 31న ఫ్రాన్స్‌తో తలపడిన మన జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. రెండు పెనాల్టీ కిక్కులు చేజారాయి. చివరి నిమిషాల్లో పడిన గోలుతో 2-1 తేడాతో ఓడిపోయినా, ఆ ఉత్తకాళ్ల ఆటకు అక్కడి జనం ముచ్చటపడ్డారు.

ఆవో ఆట చూసి ఇంగ్లండులోని పెద్ద జట్టు ఆర్సెనల్ ఏడాదిపాటు తమతో ఆడమని అడిగిందని చెబుతారు. డబ్బు, పేరు రెండూ వచ్చే దారి అది. కానీ చదువు ఇంకా పూర్తికాలేదు, తండ్రి కోరిక తీరలేదు. ఆయన కలకత్తాకు తిరిగొచ్చి పుస్తకాలు పట్టారు. 1950లో ఎం.బి.బి.ఎస్. పట్టా అందుకున్నారు. చేరిన నాటినుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్లు. ఆలస్యమైనా చదువు నడిమధ్య ఆగలేదు.

డాక్టరయ్యాక పెద్ద నగరంలో స్థిరపడలేదు. కొంతకాలం దిబ్రూగఢ్‌లో పనిచేసి, 1953లో కోహిమాలోని నాగా ఆసుపత్రిలో చేరారు. 1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడ్డాక ఆరోగ్యశాఖ డైరెక్టరుగా పనిచేసి 1978లో పదవీ విరమణ చేశారు. 1998 సెప్టెంబరు 13న మరణించారు. అస్సాంలో ఆయన పేరిట స్టేడియం వెలిసింది. 2018లో తపాలా బిళ్ల విడుదలైంది.

సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అందులో సీటుకు మన పల్లెల పిల్లలూ ఆశపడుతున్నారు. ఆవో ఆటనూ వదల్లేదు, తండ్రి మాటనూ మరవలేదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసిన రోజు వచ్చినప్పుడు మాత్రం రోగి పక్కనే నిలబడ్డారు. సాయంత్రం ఒక గంట బంతి ఆడే బిడ్డను కసురుకునే ముందు తల్లిదండ్రులు ఆయనను ఒకసారి తలచుకుంటే మంచిది.