కంటిని చూచి చెవి నెఱిగిన వైద్యుడు: రాబర్ట్ బారనీ

బాలబాలికలు గిరగిర తిరిగి నిలిచినప్పుడు వారి కన్నులు తమంతట తామే అటునిటు కదలుచుండుట మేము ఆటస్థలమున పలుమారులు చూచితిమి. ఈ కదలికకు మూలము కంటిలో లేదు. లోపలి చెవియందు ద్రవముతో నిండియున్న మూడు సన్నని వంపు నాళములలో నున్నది. ఈ సంగతిని రోగపరీక్షకు ఉపయోగపడునట్లు చేసిన రాబర్ట్ బారనీ చరిత్రము మా విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1876వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. బాల్యమున ఎముకల క్షయ సోకుటచే ఒక మోకాలు బిగిసిపోయెను. అయినను చదువు విడువక 1900లో వైద్యపట్టము పొంది, పిమ్మట ఆ నగరమందలి చెవి వైద్యశాలలో పనిచేసెను.

అచ్చట రోగుల చెవులను నీటితో కడుగునప్పుడు కొందఱికి తల తిరుగుచుండెను, కన్నులును అదరుచుండెను. నీరు చల్లగా నుండుటచేతనే తనకు తల తిరిగినదని ఒక రోగి చెప్పెను. బారనీ ఆ మాటను త్రోసివేయక, మరుసారి మిక్కిలి వేడినీరు వాడెను. అప్పుడును తల తిరిగెను గాని, కన్నుల కదలిక వెనుకటికి ఎదురుదిశకు మారెను. చిన్ననాడు స్నానపు బాయిలరును తాకి, అడుగున చల్లగాను పైన వేడిగాను ఉండుటకు ఆశ్చర్యపడిన సంగతి ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. వెచ్చని ద్రవము తేలికయై పైకి లేచును. చల్లనిది బరువై క్రిందికి దిగును. చెవి నాళములలోని ద్రవమును భూమ్యాకర్షణచే ఇట్లే కదలునని ఆయన నిశ్చయించెను. తల నుంచు తీరు మార్చినచో కన్నుల కదలికయు మారుట ఈ వాదమును బలపరచెను.

1914లో యుద్ధము రాగా సైన్యవైద్యుడై వెళ్లి, 1915లో ప్షెమిషల్ కోట పడిపోయినప్పుడు రష్యనులకు చిక్కెను. 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము తనకు లభించినదను వార్తను చెరలోనే వినెను. స్వీడను రాజకుమారుడగు కార్ల్ పూనికచే 1916లో విడుదల పొందెను. వియన్నాకు మరలగా, ఇతరుల కృషిని తగినట్లు పేర్కొనలేదని సహవైద్యులు నింద మోపిరి. 1917లో స్వీడనునందలి ఉప్సాలాకు తరలిపోయి, 1936 ఏప్రిల్ 8వ తేదీన అచ్చటనే మరణించెను.

ఆయన వాదమునకు గొప్ప పరీక్ష మరణానంతరమే కలిగెను. 1983లో కొలంబియా నౌకపై అంతరిక్షమున కేగిన స్పేస్‌లాబ్ ప్రయోగశాలలో, బరువు తెలియని స్థితియందు యాత్రికుల చెవులకు వేడిమి సోకించి చూచిరి. అచ్చట వెచ్చని ద్రవము పైకి లేచుటకు కారణము లేదు. కావున కన్నులు కదలరాదు. అయినను కదలెను! ద్రవము లేచి దిగుట యొక్కటే కారణము గాదనియు, వేడిమి వేఱొక విధముగను పనిచేయుననియు దీనివలన తేలెను.

ఇందుచే బారనీ కీర్తి తగ్గినదా? లేదని మా యభిప్రాయము. ఆయన పరీక్షను చెవి వైద్యులు నేటికిని చేయుచున్నారు. కారణము చెప్పుటలో కొఱత యుండవచ్చును గాని, జాగ్రత్తతో చూచిన సత్యము నిలుచును. రోగి పలికిన చిన్నమాటను ఆలకించుటయే ఇంతటి జ్ఞానమునకు ద్వారమైనదని విద్యార్థులు మఱువకుందురు గాక.