గాలినుండి ఎరువు తీసిన హేబర్

మన రైతులు చేలలో చల్లెడు యూరియాకు మూలము అమోనియా. గాలిలోని నత్రజనినుండి ఆ అమోనియాను చేయు మార్గమును కనుగొన్నవాడు ఫ్రిట్జ్ హేబర్. ఆయన 1868 డిసెంబరు 9వ తేదీన ప్రష్యా రాజ్యమునందలి బ్రెస్లౌ పట్టణమున, ఒక యూదు వర్తకుని యింట జన్మించెను. ఆ పట్టణ మిప్పుడు పోలెండు దేశములో నున్నది. పుట్టిన మూడు వారములకే తల్లి గతించెను. తండ్రి రంగులు, మందులు అమ్మువాడు. హేబర్ కొలదికాలము ఆ వ్యాపారమున కూర్చుండియు నిలువలేక, రసాయనశాస్త్రమునే నమ్ముకొనెను. 1892లో క్రైస్తవమతము పుచ్చుకొని, 1894లో కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయమున చేరెను.

గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని నేరుగా గ్రహింపజాలదు. జీలుగ, పిల్లిపెసర వేళ్లయందలి బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు దానిని పట్టి పైరునకు పనికివచ్చునట్లు చేయునని, పచ్చిరొట్ట వేయు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. ఐరోపావారు మాత్రము దక్షిణ అమెరికాలోని చిలీనుండి ఓడలమీద నత్రజని లవణమును తెచ్చుకొనుచుండిరి. ఆ నిధి తరిగిపోయినచో గోధుమ తినువారికి కరవు తప్పదని 1898లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం క్రూక్స్ హెచ్చరించెను.

నత్రజనిని ఉదజనితో కలిపినచో అమోనియా కావలెను. కాని నత్రజని పరమాణువులు రెండును మూడుపేటల ముడితో బిగిసి యుండును. ఆ ముడి విప్పుటకు వేడి కావలెను. వేడి హెచ్చినచో పుట్టిన అమోనియా తిరిగి విడిపోవును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. హేబర్, ఆయన సహాయకుడగు లె రోసినోల్ అను ఆంగ్లేయుడును వాయువులను వాతావరణమునకు రెండువందల రెట్ల వరకు నొత్తిడిలో నుంచి, ఆస్మియమను అరుదగు లోహముమీదుగా పోనిచ్చిరి. ఆ లోహము ముడి విప్పుటకు తోడ్పడి, తాను మాత్రము ఖర్చు కాదు. 1909 జులై 2వ తేదీన బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ప్రతినిధుల యెదుట ద్రవ అమోనియా చుక్కచుక్కగా కారెను. పిమ్మట ఆ కంపెనీకి చెందిన మిట్టాష్ వేలకొలది పరీక్షలు చేసి చవుకయైన యినుపమిశ్రమమును కనిపెట్టెను. కార్ల్ బోష్ అంత యొత్తిడికి ఓర్చు యంత్రములను నిర్మించెను. 1913లో ఓపావ్ గ్రామమున కర్మాగారము నడిచెను. మామూలు వేడిమి, ఒత్తిడులయందే మాలిబ్డినపు సమ్మేళనముతో అమోనియా చేయవచ్చునని 2003లో అమెరికాలో ష్రాక్ చూపెను గాని, ఒక్కొక్క అణువు కొలదిపాటి అమోనియా నిచ్చి చెడిపోయెను.

1914లో యుద్ధము వచ్చెను. చిలీ ఓడలను ఆంగ్లేయులు అడ్డగింపగా, ఎరువునకై పుట్టిన అమోనియా మందుగుండునకు మరలెను. హేబర్ అంతటితో నాగలేదు. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియములోని యీప్ర్ వద్ద నూటయేబది టన్నులకు పైగా క్లోరిన్ విషవాయువును శత్రువులమీదికి వదలించి, తానే దగ్గర నుండి నడిపించెను. ఆయన భార్య క్లారా 1900లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందిన విదుషి. పది దినములకు, మే 2వ తేదీన, పండ్రెండేండ్ల కుమారుని వదలి, భర్త తుపాకితోనే కాల్చుకొని మరణించెను. కారణమును గూర్చి చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. హేబర్ అనతికాలముననే తూర్పు యుద్ధరంగమునకు వెడలిపోయెను.

1918వ సంవత్సరపు నోబెలు బహుమానము ఆయనకు 1919లో ప్రకటింపబడగా, విజేతల దేశములందు పలువురు నిరసించిరి. ఆయనను అన్నదాత యని పొగడుటయు, హంతకుడని దూషించుటయు రెండును సగపు లెక్కలే. యుద్ధపు అప్పు తీర్చుటకు సముద్రపు నీటినుండి బంగారము తీయజూచి భంగపడెను.

1933లో హిట్లరు ప్రభుత్వము యూదు ఉద్యోగులను తొలగింపు మనగా, తన పదవికి మినహాయింపు ఉన్నను ఆ పని చేయనొల్లక రాజీనామా నిచ్చి దేశము విడిచెను. ఏ దేశముకొరకు ఇంత చేసెనో, ఆ దేశమున ఆయనకు చోటు లేకపోయెను. ఆయన సంస్థలో 1920 ప్రాంతమున పురుగులను చంపుటకై తయారైన విషవాయువు యొక్క మరియొక రూపమునే పిదప నాజీలు బందీశిబిరములలో వాడిరి. అట్టి శిబిరములలో ఆయన బంధువులును కొందరు మడిసిరి. అది చూచుటకు ఆయన లేడు. 1934 జనవరి 29వ తేదీన స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున గుండెనొప్పితో కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి క్లారా అస్థులను తెచ్చి ఆయన సమాధి చెంతనే యుంచిరి.