విశ్రాంత జీవితంలో బడిపిల్లల గురువు – జోల్తాన్ కొడాయ్

హంగరీ దేశపు సంగీత విద్వాంసుడు జోల్తాన్ కొడాయ్ 1942లో, తమ అరవయ్యో ఏట, బుడాపెస్ట్ సంగీత అకాడమీలో ఆచార్య పదవి నుండి విరమించారు. అప్పటికే ఆయన రచనలు యూరప్, అమెరికా సంగీత సభల్లో వినబడుతున్నాయి. కీర్తికి లోటు లేదు. ఇక హాయిగా విశ్రాంతి తీసుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు. అయినా ఆ తర్వాత జీవించిన ఇరవై అయిదేళ్లలోనే ఆయన తమ జీవితాశయాన్ని నెరవేర్చుకున్నారు. ఆ ఆశయం పెద్ద సంగీతశాల కట్టించడం కాదు. ప్రాథమిక పాఠశాలలో చదివే ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకూ అక్షరాలతో పాటు స్వరాలు కూడా వచ్చేలా చేయడం.

ఆయన పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదివితే మన కృష్ణా జిల్లా వారి ఇంటిపేరులా కొడాలి అని వినిపిస్తుంది. హంగరీ వారు మాత్రం కొడాయ్ అని పలుకుతారు.

రైల్వే క్వార్టర్స్‌లో బాల్యం

కొడాయ్ 1882 డిసెంబరు 16న కెచ్‌కెమేట్ పట్టణంలో జన్మించారు. తండ్రి రైల్వే ఉద్యోగి. బదిలీల మీద ఊళ్లు మారడం ఆ కుటుంబానికి అలవాటే. జోల్తాన్‌కు మూడేళ్లు నిండకముందే తండ్రి గలాంతా అనే చిన్న ఊరికి స్టేషన్ మాస్టరుగా వెళ్లారు. ఆ ఊరు నేడు స్లొవాకియాలో ఉంది. 1892 దాకా అక్కడే ఉన్నారు. ఊరి ప్రాథమిక పాఠశాలలో రైతుల పిల్లలతో, కాళ్లకు చెప్పులు లేని పిల్లలతో కలిసి చదువుకున్నారు. వాళ్లు ఆటల్లో పాడుకునే పాటలే ఆయనకు తొలి సంగీత పాఠాలు.

ఇంట్లోనూ సంగీతం ఉండేది. తండ్రి వయొలిన్, తల్లి పియానో వాయించేవారు. ఇంట్లో నలుగురు కలిసి వాయించే గోష్ఠికి చెల్లో వాద్యకారుడు కరువైతే, కుర్రవాడైన జోల్తాన్ ఆ వాద్యాన్ని చాలావరకు సొంతంగా సాధన చేసి ఆ లోటు తీర్చాడు. హైస్కూలు రోజుల్లో చర్చి గాయక బృందంలో పాడాడు.

1900లో పై చదువుకు బుడాపెస్ట్ చేరి, ఒక పక్క విశ్వవిద్యాలయంలో భాషాసాహిత్యాలు, మరో పక్క అకాడమీలో సంగీతం చదివారు. ఆ కాలంలో రాజధానిలోని సంగీత లోకమంతా జర్మన్ సంప్రదాయంలో మునిగి ఉండేది. సొంత పల్లెల్లో ప్రజలు ఏం పాడుకుంటున్నారో పెద్దలకు పట్టేది కాదు. కొడాయ్ 1905లో మూట కట్టుకుని పల్లెల మీదికి బయలుదేరారు. మరుసటి ఏడాది హంగరీ జానపద గేయాల నిర్మాణంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. మిత్రుడు బేలా బార్తోక్‌తో కలిసి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, మైనపు గొట్టాలపై ధ్వని ముద్రించే ఫోనోగ్రాఫుతో వేల పాటలు సేకరించారు. 1907లో అకాడమీలో ఉపాధ్యాయులుగా చేరారు.

ఉద్యోగ జీవితం సాఫీగా సాగలేదు. 1919లో హంగరీలో కొద్ది నెలలు నిలిచిన విప్లవ ప్రభుత్వ కాలంలో ఆయన అకాడమీకి ఉప సంచాలకులుగా ఉన్నారు. ఆ ప్రభుత్వం కూలిపోగానే శాఖాపరమైన విచారణ ఎదుర్కొని, కొంతకాలం ఉద్యోగానికి దూరంగా ఉండవలసి వచ్చింది. 1923లో బుడా, పెస్ట్ నగరాలు ఒకటైన యాభై ఏళ్ల ఉత్సవానికి రాసిన సాల్ముస్ హంగారికుస్ అనే బృందగాన రచనతో మళ్లీ ఆయన పేరు వెలుగులోకి వచ్చింది.

పిల్లల వైపు మళ్లిన దృష్టి

ఈ దశలోనే ఆయన ఆలోచన మలుపు తిరిగింది. బళ్లలో పిల్లలు పాడుతున్న నాసిరకం పాటలు విని ఆయన మనసు చివుక్కుమన్నది. వాళ్లకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకే మంచి పాట తెలియదు, స్వరం చదవడం రాదు. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు వడ్డించిన వారిదని ఆయనకు అర్థమయింది. 1925లో బుడాపెస్ట్‌లోని ఒక బడి బాలుర బృందం కోసం రెండు పాటలు రాశారు. ఆ పాటలను పిల్లలు చక్కగా పాడడం చూశాక, పసి గొంతులు ఎంత పనినైనా చేయగలవన్న నమ్మకం కలిగింది. పిల్లల బృందగానం గురించి 1929లో గట్టి వ్యాసం రాశారు.

చిన్న ఊరి బడిలో పాట నేర్పే మాస్టారి కొలువు, రాజధానిలోని ఒపేరా సంచాలకుడి కొలువు కన్నా ముఖ్యమైనదని ఆయన అభిప్రాయం. సంచాలకుడు చేతకానివాడైతే వాణ్ణి మార్చుకోవచ్చు. మాస్టారు చేతకానివాడైతే ఏటేటా అతని చేతికింద చదివిన పిల్లలందరికీ సంగీతం మీద ఇష్టమే చచ్చిపోతుంది.

1937లో పిల్లలు ఇద్దరు జట్టుగా పాడుకునే చిన్న పాటల సంపుటి వెలువరించారు. అందులో గలాంతా బడిలో తమతో చదివిన చెప్పుల్లేని నేస్తాలను తలచుకున్నారు. యాభై ఏళ్ల నాటి ఆ గొంతులు ఆయన చెవుల్లో ఇంకా మోగుతున్నాయన్నమాట.

విరమణ తర్వాత

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాదే, 1943లో, పిల్లలు స్వరం చూసి పాడడం నేర్చుకునేందుకు 333 చిన్న అభ్యాసాలు రాసి ప్రచురించారు. అదే కాలంలో ఒక సహచరుడితో కలిసి బడి పిల్లల పాటల సంకలనం కూర్చారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతోంది. బార్తోక్ 1940లోనే అమెరికా వెళ్లిపోయి, 1945లో అక్కడే కన్నుమూశారు. కొడాయ్ దేశం విడిచి వెళ్లలేదు. యూదు వంశంలో పుట్టిన భార్య ఎమ్మాతో కలిసి బుడాపెస్ట్ ముట్టడి రోజుల్లో క్రైస్తవ సన్యాసినుల మఠం నేలమాళిగలో, ఆ తర్వాత ఒపేరా భవనంలో తలదాచుకున్నారు. అక్కడ, ప్రేక్షకులు కోట్లు దాచుకునే గదిలో, 1945 ఫిబ్రవరిలో ఆయన ప్రార్థనా గీతం తొలిసారి వినిపించింది.

యుద్ధానంతరం 1946 నుండి 1949 వరకు హంగరీ విజ్ఞాన అకాడమీ అధ్యక్షులుగా ఉన్నారు. 1951లో హంగరీ జానపద సంగీత మహాసంకలనం మొదటి సంపుటి వెలువడింది. ఆ తొలి సంపుటిలో వేసినవి వీరగాథలు కావు, పిల్లల ఆటపాటలు.

అంతకు ముందు ఏడాదే, 1950లో, ఆయన పుట్టిన కెచ్‌కెమేట్‌లో మార్తా నెమెష్‌సెగి అనే ఉపాధ్యాయిని ఆధ్వర్యంలో తొలి సంగీత ప్రాథమిక పాఠశాల మొదలయింది. అప్పటికి కొడాయ్ వయసు 67. పాతికేళ్లుగా రాస్తూ, చెబుతూ వచ్చినది అప్పటికి కార్యరూపం దాల్చింది. మామూలు బళ్లలో వారానికి రెండు పాట పీరియడ్లు ఉంటే ఇక్కడ రోజూ పాటే. లెక్కలు, చదువు వెనకబడతాయేమోనన్న భయం నిజం కాలేదు. పాడే పిల్లలు మిగిలిన పాఠాల్లోనూ చురుకుగా ఉన్నారని ఉపాధ్యాయులు గమనించారు. 1960ల నాటికి ఇలాంటి బళ్లు వందకు పైగా అయ్యాయి.

ఆయన పద్ధతి

మన సంగీతం కొద్దిగా తెలిసినవారికి ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. మొదటి సూత్రం, గొంతే వాద్యం. పియానో కొనగలిగినవాడికే సంగీతమనే మాట లేదు. గొంతు కూలివాడి బిడ్డకూ ఉంది. రెండోది, మాతృభాషలోని జానపద గేయాలతో మొదలుపెట్టాలి. పరాయి పాటలు ఆ తర్వాత. మూడోది, ముందు చెవి, తర్వాత కన్ను. పిల్లవాడు పాట విని, పాడి, ఆ తర్వాతే దాన్ని కాగితం మీద గుర్తుపట్టాలి.

పాఠం రెండు స్వరాలతో మొదలవుతుంది. మన లెక్కలో అవి పంచమం, గాంధారం. తల్లులు పిల్లల్ని పిలిచే పిలుపులో సహజంగా పలికేవి ఇవే. క్రమంగా అయిదు స్వరాలకు చేరతారు. ఆ అయిదూ మన మోహన రాగ స్వరాలే. మన ‘స’ గాయకుని శ్రుతిని బట్టి ఎక్కడైనా నిలిచినట్లే, వారి ‘దో’ కూడా పాటను బట్టి జరుగుతుంది. ఒక్కో స్వరానికి ఒక్కో చేతి సంజ్ఞ ఉంటుంది. ఈ సంజ్ఞలు పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ వాడినవి. మంచిది ఎక్కడున్నా తీసుకోవడానికి కొడాయ్ సంకోచించలేదు. మన సంప్రదాయంలో పురందరదాసు మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో పాఠక్రమం ఏర్పరచారని చెప్పుకుంటాం. ఇద్దరి దేశకాలాలు వేరైనా, కఠినమైన విద్యను పసివాళ్లకు అందే మెట్లుగా విడగొట్టడంలో పోలిక కనిపిస్తుంది.

1964లో అంతర్జాతీయ సంగీత విద్యా సంఘం మహాసభ బుడాపెస్ట్‌లో జరిగినప్పుడు వివిధ దేశాల ఉపాధ్యాయులు ఆ బళ్లలోని పిల్లల పాట విని ఆశ్చర్యపోయారు. అక్కడి నుండి ఈ పద్ధతి అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు పాకింది. 1967 మార్చి 6న కొడాయ్ బుడాపెస్ట్‌లో కన్నుమూశారు. కెచ్‌కెమేట్‌లో 1975లో ఆయన పేర సంగీత విద్యాసంస్థ వెలసింది. జానపద సంగీతాన్ని కాపాడిన ఆదర్శ పద్ధతిగా 2016లో యునెస్కో దీన్ని గుర్తించింది.

మన ప్రాంతపు ప్రాథమిక పాఠశాలల్లో పాట పీరియడు ఎక్కువచోట్ల పేరుకే మిగిలింది. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు ప్రైవేటుగా సంగీతం నేర్చుకుంటున్నారు, మిగిలినవారికి ఆ అవకాశం లేదు. కొడాయ్ పోరాడింది సరిగ్గా ఈ తేడా మీదనే. మన సభ్యుల్లో, వారి ఇళ్లల్లో, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆటపాటలు, లాలిపాటలు, నాట్ల పాటలు, భజన కీర్తనలు వచ్చినవారు చాలామంది ఉన్నారు. వాటిని మనవలకు, మనవరాళ్లకు నేర్పడానికి హార్మోనియం అక్కర్లేదు. వీలున్నవారు దగ్గరలోని బడి ప్రధానోపాధ్యాయుల అనుమతితో వారానికి ఒక గంట పిల్లల చేత పాడించినా మంచి పనే. అరవై ఏడో ఏట కొడాయ్ తమ తొలి బడిని చూశారు. మనలో చాలామందికి ఇంకా ఆ వయసు రాలేదు, వచ్చినవారికీ గొంతు ఉంది.